మాట్లాడాల్సింది లాగిన్ అయ్యాక కాదు, స్విచ్ వేయగానే

సంపాదకులకు,

అంధ విద్యార్థులకు ‘మాట్లాడే కంప్యూటర్లు’ పంచారని పోయిన వారం మీ పత్రికలో చదివాను. అవి ఏ క్షణం నుంచి మాట్లాడతాయో మీ విలేకరి అడగలేదు, పంచిన అధికారులూ చెప్పలేదు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ కూడా ఒక ప్రోగ్రామే. విండోస్, సౌండ్ డ్రైవర్ లోడైతే తప్ప అది పలకదు. అంతకుముందు వచ్చే బయోస్ (కంప్యూటర్‌ను మొదట లేపే లోపలి ప్రోగ్రామ్) సెటప్, దేని నుంచి మొదలవ్వాలో ఎంచుకునే బూట్ మెనూ, డిస్క్ పాస్‌వర్డ్ తెర ఒక్కటీ వినిపించవు.

బయోస్ అప్‌డేట్ చేసినా, మొదలయ్యేటప్పుడు నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే అనుమతించే సెక్యూర్ బూట్ సెట్టింగు మారినా, డిస్క్‌కు తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ 48 అంకెలు. విండోస్ లేవకముందు వచ్చే ఆ నీలం తెర మీద ఏ అంకె తప్పు కొట్టారో చెప్పే గొంతు ఉండదు. రికవరీ మెనూ దాకా వెళ్లగలిగితే విండోస్, కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కితే విండోస్ సొంత స్క్రీన్ రీడర్ నేరేటర్ పలుకుతుంది. అక్కడిదాకా వెళ్లడమే సమస్య.

విండోస్‌కు బదులు వాడే లైనక్స్ వాళ్లు కొంత నయం. అందులో ఒక రకమైన డెబియన్ ఇన్‌స్టాలర్ బూట్ మెనూ రాగానే బీప్ కొడుతుంది, పాత బయోస్‌లో ఒకసారి, దాని స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐలో రెండుసార్లు. అప్పుడు ‘ఎస్’, ఎంటర్ నొక్కితే ఇన్‌స్టలేషన్ అంతా మాటల్లో సాగుతుంది. లైనక్స్‌ను మొదలుపెట్టే గ్రబ్‌కూ బీప్ స్వరం పెట్టుకోవచ్చు: దాని సెట్టింగుల ఫైలులో ఇనిట్ ట్యూన్ వరుసలో 480 440 1 అని రాసి, గ్రబ్‌ను అప్‌డేట్ చేస్తే చాలు. కానీ ఆ బీప్ పీసీ స్పీకర్‌లోంచి (బీప్ కోసమే ఉండే చిన్న స్పీకర్) రావాలి, చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో అది లేదు. లైనక్స్ మూల భాగమైన కెర్నెల్‌లోనే ఉండే స్క్రీన్ రీడర్ స్పీకప్ 2020లో 5.9 కెర్నెల్‌తో ప్రయోగ దశ (స్టేజింగ్) దాటి ప్రధాన భాగంలో చేరింది. సీరియల్ పోర్టుకు తగిలించే, మాటలు పలికే సింథసైజర్ ఉంటే కెర్నెల్ మొదలవుతుండగానే చదువుతుంది. ఆ పోర్టునే ఇప్పటి ల్యాప్‌టాప్‌ల నుంచి తీసేశారు. సౌండ్ కార్డు మీద పలికించాలంటే స్పీకప్‌ను ఈస్పీక్ అనే గొంతు ప్రోగ్రామ్‌కు కలిపే ఈస్పీకప్, ఈస్పీక్ గొంతు ఫైళ్లు, సౌండ్ మాడ్యూళ్లు (డ్రైవర్లు), వాటి ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి ప్రోగ్రామ్) అన్నీ డిస్క్ తెరుచుకోకముందే లోడయ్యే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లోకి ఎక్కించాలి. ఒక్క ఫర్మ్‌వేర్ ఫైలు మరిచినా పాస్‌వర్డ్ దగ్గర నిశ్శబ్దమే. అన్నీ ఉన్నా లైనక్స్ శబ్ద వ్యవస్థ ఆల్సా మొదట మ్యూట్‌లో ఉంటుంది కాబట్టి మ్యూట్ తీసే ఆదేశం కూడా అందులోనే పెట్టాలి. ఇదంతా కొత్తగా కంప్యూటర్ అందుకున్న విద్యార్థి చేసుకోవాలా?

బయోస్, యూఈఎఫ్ఐ లాంటి ఫర్మ్‌వేర్ దశలో శబ్దం సాధ్యం కాదనే మాట ఒప్పుకోను. ఓపెన్‌కోర్ అనే బూట్‌లోడర్ (ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) ఒక యూఈఎఫ్ఐ ఆడియో డ్రైవర్‌తో, ముందే రికార్డు చేసిన మాటలతో బూట్ మెనూను చదివిస్తోంది. తయారీదారులకు రానిది కాదు, ఎవరూ గట్టిగా అడగనిది. టెండర్లో ‘స్క్రీన్ రీడర్ ఉండాలి’ అని ఒక వాక్యం రాస్తే బాధ్యత తీరిందనుకుంటున్నారు. కంప్యూటర్లే కాదు, వెబ్‌సైట్లు, కియోస్కులు, ఏవి కొన్నా ఇదే తీరు: డబ్బు కట్టేశాక, వాడేవాళ్లు ఫిర్యాదు చేశాక కదులుతారు. సమాచార సాంకేతికత అందరికీ అందుబాటులో ఉండాలని ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం 9వ అధికరణంలో 2006లోనే రాసుకున్నారు.

ఇకనైనా కొనే ముందు మానిటర్ ఆపేసి, ఒక అంధ వినియోగదారును కూర్చోబెట్టండి. బూట్ క్రమం మార్చడం, డిస్క్ తాళం తీయడం, సిస్టమ్‌ను రికవరీ నుంచి లేపడం, ఈ మూడూ పక్కవారి సాయం లేకుండా జరగాలి. జరగకపోతే ఆ మోడల్‌ను తిరస్కరించండి. పంచిన యంత్రాలకు ఈ పరీక్ష పెట్టారా అని మీ విలేకరి ఆ అధికారులను అడిగి, జవాబును అదే పేజీలో వేయాలి.

– ఒక పాఠకుడు