చెల్లి ఇంటికొచ్చింది, పిలకాయలందరికీ థాంక్స్

చెల్లిని నిన్న డిశ్చార్జి చేశారు. మెసేజ్ చూసి ప్లేట్‌లెట్లు ఇద్దామని కావలి, బిట్రగుంట, అల్లూరు నుంచి నెల్లూరు దాకా వచ్చారు మన పిలకాయలు. తీరా వచ్చాక ప్లేట్‌లెట్లు వద్దని ఎందుకన్నామో అప్పుడు చెప్పే ఓపిక లేదు, ఇప్పుడు చెప్తున్నా.

జ్వరం, కాళ్ల మీద ఎర్రచుక్కలు, ప్లేట్‌లెట్లు 14 వేలు. ఎవరైనా డెంగ్యూ అనే అంటారు, అన్నారు కూడా. బొప్పాయి ఆకు రసం తెచ్చినవాళ్లూ ఉన్నారు (ప్రేమతోనేలెండి, అది గొంతు దిగితేగా). కానీ డెంగ్యూ టెస్టు నెగెటివ్, హిమోగ్లోబిన్ కూడా పడిపోతోంది, కళ్లు పచ్చబడ్డాయి, సాయంత్రానికి మాట తడబడుతోంది. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ అంకె చూసి ఊరుకోకుండా స్మియర్ (రక్తపు చుక్కని గాజు స్లైడ్ మీద పరిచి మైక్రోస్కోపులో చూసే పరీక్ష) చేయించారు. స్లైడ్ చూసిన ల్యాబ్ అన్న ఎర్రకణాలు ముక్కలు ముక్కలుగా ఉన్నాయని ఫోన్లోనే చెప్పేశాడు, రిపోర్టు టైపయ్యేదాకా ఆగలేదు. ఆయనకి ముందుగా దండం.

ఆ జబ్బు పేరు టీటీపీ (థ్రాంబోటిక్ థ్రాంబోసైటోపెనిక్ పర్‌ప్యురా). రక్తం అనవసరంగా గడ్డలు కట్టకుండా చూసే ఏడీఏఎంటీఎస్13 అనే ఎంజైమ్‌ను ఒంట్లోని యాంటీబాడీలే దెబ్బతీస్తే సన్నటి రక్తనాళాల్లో గడ్డలు కడతాయి, ప్లేట్‌లెట్లన్నీ వాటికే ఖర్చయిపోతాయి, ఆ సందుల్లో దూరే ఎర్రకణాలు చీలిపోతాయి. అందుకే ప్రాణం మీదికొచ్చే రక్తస్రావం ఉంటే తప్ప ప్లేట్‌లెట్లు ఎక్కించరట. కావాల్సింది ప్లాస్మా మార్పిడి, అంటే ఒంట్లోని ప్లాస్మా (రక్తంలో కణాలు పోగా మిగిలే పసుపు ద్రవం) తీసేసి దాతలది ఎక్కించడం, అదీ వెంటనే, రోజూ. ఎంజైమ్ రిపోర్టు కోసం కాచుక్కూచోకుండా స్టెరాయిడ్లు, ప్లాస్మా మొదలుపెట్టేశారు. వైద్యం అందకపోతే పదిమందిలో తొమ్మిదిమంది దక్కరని, మార్పిడి చేస్తే ఎనిమిదిమందికి పైగానే బతుకుతారని డాక్టరమ్మ బావకి ఉన్నదున్నట్టు చెప్పారు.

ఒక్కో మార్పిడికి పది పన్నెండు సంచుల ప్లాస్మా పడుతుంది. బ్లడ్ బ్యాంకు వాళ్లు గడ్డకట్టించి దాచిన ప్లాస్మాని అర్ధరాత్రి కూడా విసుక్కోకుండా కరిగించి ఇచ్చారు. వచ్చినవాళ్లు ఊరికే పోకుండా రక్తం ఇచ్చి వెళ్లారు చూడండి, ఆ లెక్క మీదే మాకు సంచులు ఆగలేదు. అల్లూరు తమ్ముడొకడు "నాది ఏబీ అన్నా, నాది ఏబీ వాళ్లకి తప్ప ఎక్కదు" అని తిరిగి వెళ్లబోతే టెక్నీషియన్ రెక్క పట్టుకుని కూర్చోబెట్టాడు, ప్లాస్మా విషయంలో లెక్క తిరగబడుతుందట, ఏబీ వాళ్లది ఏ గ్రూపుకైనా ఎక్కుతుందట.

ఇది తిరగబెట్టే జబ్బు, చెకప్‌లు ఉంటాయి. రక్తం ఇచ్చినవాళ్లలో కొందరి నంబర్లు మా దగ్గర లేవు, ఇది చూస్తే ఒక మెసేజ్ పెట్టండి, చెల్లి తనే ఫోన్ చేసి మాట్లాడతానంటోంది.