మన కాలనీ సీనియర్ సిటిజన్స్ అసోసియేషన్ – ఈ ఏడాది వార్షిక నివేదిక (వాకింగ్ బ్యాచ్ తరఫున)

సభ్యులందరికీ నమస్కారం. రిపోర్ట్ రాయమని ప్రెసిడెంట్ గారు చెప్పి రెండు వారాలైంది, మోకాలి నొప్పని చెప్పి తప్పించుకుందామనుకున్నా గానీ వినలేదు. సంక్రాంతి భోజనాలు, యాదగిరిగుట్ట ట్రిప్పు, కంటి క్యాంపు బాగానే జరిగాయి, జమాఖర్చుల కాగితం నోటీస్ బోర్డు మీద ఉంది చూసుకోండి.

ఇక వాకింగ్. మొదట్లో అందరం పదివేల అడుగుల పిచ్చిలో ఉన్నాం కదా, ఆ నంబర్ ఏ డాక్టరో తేల్చింది కాదట, 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక మెషీన్‌కి పెట్టిన పేరట. దాని కోసం రాత్రి తొమ్మిదింటికి సోఫా చుట్టూ తిరిగినవాళ్లు మనలో ఉన్నారు (పేర్లు రాయను, ఒకడిని నేనే). ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు స్పీడుతో నడవమని, 65 దాటినవాళ్లు దానికి తోడు వారంలో మూడు రోజులైనా బ్యాలెన్స్, కండబలం ఎక్సర్‌సైజులు చెయ్యమని. ఓ మోస్తరు అంటే నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం రాకూడదు.

ఈ బ్యాలెన్స్ సంగతి మనం పట్టించుకున్నది ఆగస్టులో మన బ్యాచ్ అక్కయ్య పడ్డాకే. వాన పడి రోడ్డంతా తడి, కాళ్లకి అరిగిపోయిన హవాయి చెప్పులు, చేతిలో ఫోన్ చూస్తూ ఫుట్‌పాత్ మీద కదిలే స్లాబు మీద కాలేసింది, మణికట్టు విరిగింది. ఆ స్లాబు గురించి అంతకుముందే రెండుసార్లు కంప్లైంట్ ఇచ్చాం, ఇప్పటికీ అలాగే ఊగుతోంది.

ఆ తర్వాత నెలకోసారి పార్కులో కుర్చీ టెస్టు పెట్టుకున్నాం. కుర్చీ ముందు 3 మీటర్ల దూరంలో చాక్‌పీసుతో గీత, లేచి మామూలు నడకతో గీత దాకా వెళ్లి తిరిగొచ్చి కూర్చోవాలి, 12 సెకన్లు పట్టిందంటే పడే రిస్క్ ఉన్నట్టే. అందరికంటే స్పీడుగా నడుస్తానని గొప్పలు చెప్పే బాబాయ్‌కి 14 పట్టింది! నడక బాగానే ఉంది, కుర్చీలోంచి లేవడమే కష్టమైంది, తొడల్లో బలం లేదు. ఇప్పుడు రోజూ చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చుంటున్నాడు, రెయిలింగ్ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం కూడా మొదలెట్టాడు.

ఫుట్‌పాత్ మీద బైకులూ టిఫిన్ బండ్లే కాబట్టి రోడ్డు మీద నడవక తప్పనప్పుడు కుడి పక్కన నడవండి, ఎదురొచ్చే బండి కనపడుతుంది. చేతికర్ర నొప్పి ఉన్న కాలి వైపు కాదు, రెండో చేత్తో పట్టుకోవాలి, మనలో సగం మంది ఉల్టా పట్టుకుంటున్నాం. షుగర్ మందులు వాడేవాళ్లు, షుగర్ పడిపోతే వెంటనే నోట్లో వేసుకోవడానికి జేబులో నాలుగు గ్లూకోజ్ బిళ్లలు పెట్టుకోండి, ఇంటికెళ్లి పాదాలు చూసుకోండి, తిమ్మిరి కాళ్లకి బొబ్బ వచ్చినా తెలీదు. అన్నం తిన్నాక పావుగంట మెల్లగా నడిస్తే షుగర్ అంతగా ఎగరదు. వాకింగ్ అయ్యాక ఇరానీ హోటల్లో చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్ల సంగతి జనరల్ బాడీలో తేలుద్దాం, నాకైతే మానే ఉద్దేశం లేదు.

ఏప్రిల్, మే ఎండలకి టైమ్ పొద్దున ఐదున్నరే, మంచినీళ్ల సీసా మర్చిపోవద్దు. వచ్చే నెల టెస్టుకి కుర్చీ ఇంకెవరైనా తెండి, మూడు నెలల నుంచి నేనే మోస్తున్నా.