ఫారాలు నింపగానే సర్వే కాదు

అయ్యా,

బెంగళూరు తెలుగువారి ఇంటిభాష లెక్క వాట్సాప్‌లో తిప్పిన ఫారంతో తేలదు. 95 శాతం నమ్మకంతో (అంటే నూరుసార్లు సర్వే చేస్తే 95 సార్లు), అసలు లెక్కకు 5 శాతం అటూఇటూగా తేలాలంటే 385 మంది చాలు. కాకపోతే వాళ్లను లాటరీ పద్ధతిలో ఎంచాలి. గ్రూపుల్లో దొరికినవాళ్లు పదివేలైనా ఆ లెక్క వర్తించదు.

ముందు పదిహేను ఇళ్లలో తీరిగ్గా మాట్లాడి, అక్కడ విన్న మాటలతోనే ప్రశ్నలు రాయాలి. ‘ఇంట్లో ఏ భాష?’ అంటే ‘తెలుగే’ అంటారు. ఆ వెంటనే మనవణ్ని ‘కమ్ హియర్’ అని పిలుస్తారు! అవ్వతో, పిల్లలతో, ఆలుమగల మధ్య ఏ భాషో విడివిడిగా అడగాలి. జనగణనలో మాతృభాషంటే చిన్నప్పుడు తల్లి తమతో మాట్లాడిన భాష. అది వేరే సంగతి.

సర్వే అయ్యాక, జవాబులు పొంతన కుదరని పదిమందిని మళ్లీ కలవాలి. ఎక్కువగా ఎగ్గొట్టేది ఈ మెట్టునే, అప్పటికి డబ్బులైపోతాయి గనక.

– ఓ పరిశోధకుడు, మల్లేశ్వరం, బెంగళూరు