పరిసరాల మేస్టార్ల నోట్‌బుక్కులకు ఒక బీరువా ఇప్పించండి

సంపాదకుల వారికి,

టెక్కలి దగ్గర తేలినీలాపురానికి పక్షులొచ్చాయన్న వార్త ఏటా జిల్లా పేజీలో వస్తుంది. అది చదివినప్పుడల్లా మా అటక మీది రేకుపెట్టె గుర్తొస్తుంది. అందులో పదకొండు లాంగ్ నోట్‌బుక్కులున్నాయి. మొదటి గూడబాతు ఏ తేదీన దిగింది, ఏ చెట్టు మీద ఎన్ని గూళ్లు, ఆ రోజు లెక్కపెట్టిన పిల్లలెవరు, అన్నీ రాసున్నాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇలాంటి పెట్టెలు ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నాయి.

పరిసరాల విజ్ఞానం చెప్పే టీచర్లం కొందరం చాలా ఏళ్లు ఒక జట్టుగా పనిచేశాం. జట్టుకు పేరు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, చందా లేదు. పర్యావరణాన్ని బడుల్లో తప్పనిసరిగా బోధించాలని ఎం.సి.మెహతా కేసులో సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. పాఠాలొచ్చాయి గానీ వాటిలో మా బీల లేదు, తంపర లేదు (రెండూ మా వైపు చిత్తడి నేలలు), మా నాగావళి లేదు. జీతాలకు మండల కేంద్రానికి వెళ్లినప్పుడు ‘మీ బడి దగ్గర ఏముందండీ?’ అని ఒకర్నొకరం అడగడంతో మొదలైంది. తర్వాత పోస్టుకార్డులు. బదిలీ అంటే ఏ టీచరుకైనా బెంగే, మా జట్టు మాత్రం బదిలీలతోనే పెరిగింది. ఇచ్ఛాపురం వైపు నుంచి గార మండలానికి వెళ్లినావిడ అక్కడి పిల్లలతో సముద్రపు తాబేళ్ల గూళ్లు రాయించారు. అంతర్ జిల్లా బదిలీ మీద నెల్లిమర్ల వెళ్లినాయన చంపావతి నీటిమట్టానికి గుర్తులు పెట్టించారు.

ఒక్క రోజు సంగతి చెప్తాను. తేలుకుంచి దగ్గర పొలంగట్టు మీద నాలుగో తరగతి పిల్ల ఒక నత్తగుల్ల తెచ్చి నా చేతిలో పెట్టింది. లోపల ఖాళీ, గుల్ల మాత్రం పగల్లేదు. ‘పగలకుండా కొంగెలా తింది మేస్టారూ?’ అంది. ఆ వారమంతా మా పాఠం అదే. నత్తగుల్ల కొంగ అనే ఆ పక్షి ముక్కు మూసుకున్నా మధ్యలో సందుంటుంది. కింది ముక్కు కొనను గుల్లలోకి దూర్చి నత్తను లాగేస్తుంది. వారం చివర్న ఆ పిల్లే వచ్చి ‘పిల్లకొంగలకు సందు లేదు మేస్టారూ’ అని చెప్పింది. నిజమే, సందు ఎదిగాకే వస్తుంది. నాకది అప్పటిదాకా తెలీదు. ఆమె మాట ఆమె అక్షరాల్లోనే నోట్‌బుక్కులో ఉంది.

సోంపేట బీల సంగతి వేరు. అక్కడ థర్మల్ కేంద్రం తలపెట్టినప్పుడు ఆ నేలను పనికిరాని భూమన్నారు. దాన్ని వద్దన్న జనం మీద 2010 జులై 14న కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ రోజే పర్యావరణ అప్పిలేట్ అథారిటీ అనుమతిని రద్దుచేసింది. మేం ఉద్యోగులం, రోడ్డెక్కలేదు. కానీ ఆ బీలలో ఏ చేపలు పడతారో, ఏ నెలలో ఎవరింటికి పని దొరుకుతుందో అంతకుముందే పిల్లలు ఇల్లిల్లూ తిరిగి రాసిపెట్టారు. పనికిరాని భూమి అన్న మాటకు జవాబు ఆ పుస్తకాల్లో ఉంది. అప్పుడు వాటిని అడిగినవాళ్లు లేరు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం మీద పడ్డప్పుడు మా సహోద్యోగి ఇంటి పెంకులు లేచిపోయాయి. జీడితోటలకూ కొబ్బరితోటలకూ పిల్లలు గీసిన పటాలు తడిసి ముద్దయ్యాయి. ఆ తోటలూ ఆ రాత్రే పడిపోయాయి. ఇప్పుడు రెండూ లేవు.

జట్టులో చాలామందిమి రిటైరయ్యాం. కొందరు పోయారు, పుస్తకాలు పాతకాగితాల వాళ్లకు వెళ్లిపోతున్నాయి. ఒక ఆఫీసుకు తీసుకెళ్తే ‘ఇవి ఏ స్కీం కిందివి?’ అని అడిగి తిప్పి పంపారు. ఏ స్కీం కిందవీ కావు. పిల్లలు రాసినవి.

విద్యాశాఖ వారిని నేను కోరేది పెద్ద ఖర్చేమీ కాదు. రేపటి టీచర్లు చదువుకునే వమరవల్లి డైట్‌లో తాళం ఉన్న బీరువా ఒకటి, విజయనగరం జిల్లా గ్రంథాలయంలో ఒక అర కేటాయించండి. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఏడాదికి ఒక్క పూట ఈ పుస్తకాలు తెరిచి, ఆ మండలం పుటలు ఆ మండలం టీచర్లకు చూపించండి. నా పదకొండూ ఏ రోజు తెమ్మంటే ఆ రోజు నేనే తెచ్చి ఇస్తాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, టెక్కలి