పార్ట్ పేమెంట్‌ను అడ్వాన్స్ ఈఎంఐగా జమ చేయడంపై ఫిర్యాదు

తేదీ: 10-2-2026

గ్రీవెన్స్ అధికారి గారికి,

విషయం: పర్సనల్ లోను అసలు కింద 5-12-2025న కట్టిన 50,000 రూపాయలను అసలులో జమ చేయకపోవడం, ఆపై వేసిన బౌన్స్, పీనల్ (ఆలస్య జరిమానా) చార్జీలు

అయ్యా/అమ్మా,

మీ సంస్థలో మా ఇద్దరి పేర్ల మీద 3,00,000 రూపాయల పర్సనల్ లోను ఉంది. తగ్గే నిల్వ మీద 18 శాతం వడ్డీ, 36 నెలల గడువు, ఈఎంఐ 10,846. మొదటి ఈఎంఐ 5-1-2025న, పన్నెండోది 5-12-2025న వెళ్ళాయి. మధ్యలో ఒక్కటీ బౌన్స్ కాలేదు. పన్నెండోది వెళ్ళాక మిగిలిన అసలు 2,17,240. పన్నెండు ఈఎంఐలు పూర్తయ్యాక మిగిలిన అసలులో 25 శాతం వరకు ఏడాదికి ఒకసారి చార్జీ లేకుండా కట్టుకోవచ్చని మీరిచ్చిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లోనే (లోను ముఖ్య షరతుల పత్రం) ఉంది. అంటే 54,310 దాకా. చీటీ డబ్బు చేతికి రాగానే అదే రోజు 50,000 కట్టాం. మీ యాప్‌లో ‘పార్ట్ పేమెంట్’ నొక్కి, ‘గడువు తగ్గించు’ ఎంచుకునే కట్టాం. రసీదు మీద ‘పార్ట్ పేమెంట్ - ప్రిన్సిపల్’ అని స్పష్టంగా ఉంది.

ఆ డబ్బు అసలులో పడలేదు. స్టేట్‌మెంట్‌లో ‘ఎక్సెస్ అమౌంట్’ (అదనంగా వచ్చిన సొమ్ము) అనే పద్దు కింద ఉంచి, అందులోంచి నెలకో ఈఎంఐ తీసుకుంటున్నారు. జనవరి వరుస ఒక్కటి చూస్తే చాలు. వడ్డీ 3,259, అసలు 7,587 అని ఉంది. అది 2,17,240 మీద లెక్కకట్టిన వడ్డీ. 50,000 అసలులో పడి ఉంటే వడ్డీని 1,67,240 మీద లెక్కించాలి. అప్పుడు వడ్డీ 2,509, అసలుకు వెళ్ళేది 8,337. ఒక్క నెలకే 750 రూపాయల తేడా. మా డబ్బు మీ దగ్గరే పెట్టుకుని, దాని మీద మా చేతే 18 శాతం వడ్డీ కట్టించుకుంటున్నారు.

గడువంతటికీ లెక్క వేస్తే నష్టం ఇంకా పెద్దది. పార్ట్ పేమెంట్ లేకుండా మిగతా 24 ఈఎంఐలు కడితే వడ్డీ 43,051. 50,000 అసలులో పడి ఈఎంఐ అంతే ఉంటే 17 పూర్తి ఈఎంఐలు, చివర 7,258 రూపాయల ఒక చిన్న వాయిదాతో లోను తీరిపోతుంది. అప్పుడు వడ్డీ 24,400. వడ్డీలో మాకు మిగిలేది దాదాపు 18,650. గడువు అలాగే ఉంచి ఈఎంఐని 8,350కి తగ్గిస్తే మిగిలేది దాదాపు 9,900 మాత్రమే. అందుకే గడువు తగ్గించమన్నాం. ‘ఈఎంఐ తగ్గించాం, సమస్య తీరింది’ అనే జవాబు మాకు వద్దు.

మీ కస్టమర్ కేర్ వాళ్ళు ‘అడ్వాన్స్ ఈఎంఐ అయినా మీ డబ్బే కదా’ అంటున్నారు. కాదు. అడ్వాన్స్ ఈఎంఐ అంటే రేపటి వాయిదా ఇవాళ ఇచ్చిపెట్టడం. తేదీ వచ్చేదాకా అసలులో పైసా తగ్గదు. పార్ట్ పేమెంట్ కట్టిన రోజే అసలు తగ్గుతుంది. రెండూ ఒకటే అయితే మీ యాప్‌లో రెండు బటన్లు ఎందుకున్నాయో మరి.

పోనీ అడ్వాన్స్ ఈఎంఐ అనే అనుకుందాం. జనవరి వాయిదా ఎక్సెస్ నుంచి సర్దుబాటు చేస్తామని 29-12-2025న మీ మెసేజ్ వచ్చింది. సంక్రాంతి ఖర్చు, పిల్లల మూడో టర్మ్ ఫీజు, అద్దె అన్నీ ఒకే వారంలో పడే నెల అది. ఈఎంఐ వెళ్ళదని మీరే చెప్పారు కాబట్టి ఫీజు ముందుగా కట్టేశాం. 5వ తేదీ పొద్దున ఖాతాలో ఉన్నది 9,420. ఆ పూటే మీరు 10,846కి నాచ్ (బ్యాంకు ఖాతా నుంచి ఈఎంఐ దానంతటదే తీసుకునే పద్ధతి) వేశారు. బౌన్స్ అయింది. వాయిదాను మాత్రం అదే రోజు ఎక్సెస్ నుంచి సర్దుబాటు చేసుకున్నారు. ఒకే ఈఎంఐని రెండు చోట్ల అడిగి, ఒక చోట దొరికినా రెండో చోట దొరకలేదని చార్జీ వేశారన్నమాట.

ఆ చార్జీల సంగతి. బౌన్స్ చార్జీ 500, జీఎస్టీ 90. పీనల్ చార్జీ 325, దాని మీద జీఎస్టీ 59. ఇవి కాక మా బ్యాంకు తన వంతుగా 295 కోసుకుంది. రుణసంస్థలు వసూలు చేసే పీనల్ చార్జీ మీద జీఎస్టీ లేదని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 28-1-2025న సర్క్యులర్ ఇచ్చింది. కాబట్టి ఆ 59 మీరు వేయాల్సిందే కాదు. పైగా పీనల్ 384 తీసుకెళ్ళి అసలులో కలిపారు. ఫిబ్రవరి వరుసలో అసలు 2,09,653 ఉండాల్సిన చోట 2,10,037 ఉంది, వడ్డీ ఆరు రూపాయలు పెరిగింది. పీనల్ చార్జీని అసలులో కలపకూడదని, దాని మీద మళ్ళీ వడ్డీ వేయకూడదని రిజర్వు బ్యాంకు 18-8-2023 నాటి సర్క్యులర్‌లో ఉంది. ఆరు రూపాయలే కదా అనకండి. మీ సాఫ్ట్‌వేర్ మా ఒక్క ఖాతాలోనే ఇలా చేస్తోందని అనుకోలేం.

మరొకటి. రెఫరెన్సుగా ఇచ్చిన మా బావగారికి జనవరి 7న రాత్రి 8 దాటాక మీ రికవరీ ఏజెంటు ఫోన్ చేశాడు. రాత్రి 7 తర్వాత వసూలు కాల్ చేయకూడదు, రెఫరెన్సు వాళ్ళను ఇబ్బంది పెట్టకూడదు. ఈ రెండూ మీకు తెలియని నియమాలు కావు.

మేం కోరేది ఇది. 50,000ను 5-12-2025 వాల్యూ డేట్‌తో, అంటే ఆ రోజే పడినట్టు లెక్కించి, అసలులో జమ చేసి, పాత ఈఎంఐ మీదే 18 వాయిదాల కొత్త షెడ్యూలు పంపండి. ఇక్కడ జాగ్రత్త కావాలి. ఎక్సెస్ నుంచి సర్దుబాటు చేసిన జనవరి, ఫిబ్రవరి ఈఎంఐలను వెనక్కి తిప్పగానే మీ సిస్టమ్ ఆ రెండు నెలలూ బాకీగా చూపిస్తుంది, మళ్ళీ పీనల్ వేస్తుంది, క్రెడిట్ బ్యూరోలకు (రుణ చెల్లింపుల చరిత్ర నమోదు చేసే సంస్థలు) ఆలస్యమని పంపుతుంది. అలా జరగకూడదు. ఆ రెండు ఈఎంఐలు, మొత్తం 21,692, పక్కన పెట్టి ఉంచాం. ముందు పేమెంట్ లింకు పంపండి, అది జమ అయ్యాక ఆ వాయిదాల గడువు తేదీలతోనే నమోదు చేసి, ఆ తర్వాతే ఎక్సెస్‌ను తిప్పండి. మార్చి 5 నుంచి నాచ్ యథావిధిగా వేసుకోవచ్చు.

బౌన్స్ 590, మా బ్యాంకు కోసిన 295, మొత్తం 885 వెనక్కి ఇవ్వండి. అసలులో కలిపిన పీనల్ 384ను అందులోంచి తీసేయండి. క్రెడిట్ బ్యూరోలకు జనవరి వాయిదా ఆలస్యమని పంపి ఉంటే సరిదిద్ది, ఆ సరిదిద్దిన నివేదిక కాపీ ఇవ్వండి. బ్యూరో సమాచారంపై ఫిర్యాదు 30 రోజుల్లో తేలకపోతే ఆపైన రోజుకు 100 రూపాయల పరిహారం చెల్లించాలి.

ఈ లేఖ మీకు అందిన 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు సీఎంఎస్ పోర్టల్‌లో (రిజర్వు బ్యాంకు ఆన్‌లైన్ ఫిర్యాదుల వెబ్‌సైట్) ఫిర్యాదు చేస్తాం. రసీదు, మీ మెసేజ్ స్క్రీన్‌షాట్, లోను స్టేట్‌మెంట్, మా బ్యాంకు స్టేట్‌మెంట్‌లో జనవరి పేజీ జతపరిచాం. జవాబు ఫోన్‌లో వద్దు, రిజిస్టర్ చేసిన ఈమెయిల్‌కు కొత్త షెడ్యూలుతో సహా రాతపూర్వకంగా పంపండి.

ఇట్లు,
రుణగ్రహీత, సహ రుణగ్రహీత