కొత్త రన్‌వేలు సరే, పాతవాటి మీద విమానాలేవి?

సంపాదకుడు గారికి నమస్కారం.

ఈ మధ్య పేపరు తిరగేస్తే ఏదో ఒక మూల కొత్త విమానాశ్రయం వార్త ఉంటోంది. వరంగల్ మామునూరు, ఆదిలాబాద్, కుప్పం, దగదర్తి, ఒంగోలు, తాడేపల్లిగూడెం... జాబితా పెరుగుతూనే ఉంది. ఎన్ని ఎకరాలు కావాలో, రన్‌వే ఎంత పొడవు వేస్తారో, టెర్మినల్ ఎంత అందంగా ఉంటుందో బొమ్మలతో సహా చూస్తున్నాం. అక్కడి నుంచి రోజుకు ఎన్ని విమానాలు లేస్తాయి, ఏ ఊరికి, ఏ టైముకి, ఎన్నేళ్లపాటు అన్నది మాత్రం ఎవరూ చెప్పడం లేదు. విలేకరులూ అడగడం లేదు, ఏమీ అనుకోకండి.

నేను విమానాశ్రయాలకు వ్యతిరేకిని కాను. ఆదాయాలు పెరిగేకొద్దీ జనం విమానం ఎక్కుతారు, ఎక్కాలి కూడా. 2014లో దేశంలో 74 విమానాశ్రయాలు పనిచేస్తుండేవి, ఇప్పుడవి రెట్టింపు దాటాయి. అది మెచ్చుకోవాల్సిన విషయమే. నా పేచీ అంతా రిబ్బన్ కత్తిరించిన తర్వాత జరిగే దాని గురించి.

కడప సంగతే తీసుకోండి. చిన్న ఊళ్లను కలపడానికి కేంద్రం 2016లో ఉడాన్ పథకం తెచ్చింది. 2017 ఏప్రిల్ 27న ప్రధాని సిమ్లాలో ఆ పథకం కింద మొదటి విమానానికి జెండా ఊపారు. అదే రోజు కడప–హైదరాబాద్ సర్వీసూ మొదలైంది. గంట ప్రయాణానికి 2,500 రూపాయలు మించకుండా సగం సీట్లు ఇవ్వాలన్నది అప్పటి షరతు. అందువల్ల కంపెనీకి వచ్చే లోటును మూడేళ్లపాటు ప్రభుత్వం పూడుస్తుంది. ఆ మూడేళ్లూ ఆ రూటులో పోటీ కూడా ఉండదు. ఈ సొమ్ములో ఎక్కువ భాగం పెద్ద రూట్లలో ఎగిరే విమానాల మీద వేసే లెవీ నుంచి వస్తుంది, మన లాంటి రాష్ట్రాలు 20 శాతం కలపాలి. అంటే ఢిల్లీకో ముంబైకో వెళ్లే ప్రయాణికుడు తన టికెట్‌లో కడప ప్రయాణికుడికి కొంత కడుతున్నాడన్నమాట. ఇందులో తప్పేం లేదు. అయితే కడప నుంచి విమానాలు నడిపిన ట్రూజెట్ 2022 ఫిబ్రవరి నాటికి మొత్తంగానే ఆగిపోయింది. ఆ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం తన ఖజానా నుంచి లోటు భర్తీ చేస్తానని ఇండిగోతో ఒప్పందం చేసుకుంటే తప్ప విమానం మళ్లీ రాలేదు.

ఇదేదో కడప దురదృష్టం అనుకోవడానికి లేదు. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2023లో పార్లమెంటు ముందుంచిన నివేదికలో దేశం మొత్తం లెక్క ఉంది. ఉడాన్ మూడో విడత దాకా 774 రూట్లు ఇస్తే 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ల గడువు పూర్తిగా నడిచినవి 112. సబ్సిడీ అయిపోయాక కూడా సొంత కాళ్ల మీద నిలబడినవి, 2023 మార్చి నాటికి, 54. ఇచ్చిన రూట్లలో ఇది నూటికి ఏడు. ఏ ఇతర పథకంలోనైనా ఈ ఫలితం వస్తే ముందు జరిగిందేమిటో చూసుకుని తర్వాత అడుగేస్తారు. ఇక్కడ మాత్రం 2025 బడ్జెట్‌లో మరో 120 కొత్త గమ్యాలు, పదేళ్లలో 4 కోట్ల మంది ప్రయాణికులు అని లక్ష్యం పెట్టుకున్నారు. ఆ 120 ఊళ్లలో ఎన్నింటికి నాలుగో ఏడు కూడా విమానం వస్తుందో ఆ ప్రకటనలో లేదు.

విమానం ఎందుకు నిలవదో అర్థం కావాలంటే చిన్న విమానాశ్రయం ఎలా నడుస్తుందో చూడాలి. డెబ్బై మంది పట్టే ఏటీఆర్ రకం చిన్న విమానం ఒకటి దిగుతుంది, అరగంట ఉంటుంది, వెళ్లిపోతుంది. ఆ అరగంట కోసం కంట్రోల్ టవర్లో మనిషి ఉండాలి. అగ్నిమాపక వాహనాలు, వాటి సిబ్బంది సిద్ధంగా ఉండాలి. అవి లేకపోతే విమానం దిగడానికి రూల్సు ఒప్పుకోవు. భద్రతా సిబ్బంది, సామాన్లు తనిఖీ చేసే యంత్రాలు, వాతావరణం చెప్పేవాళ్లు, రన్‌వే మీద పక్షుల్ని, కుక్కల్ని తోలేవాళ్లు, అందరూ ఉండాలి. రోజుకు ఒక విమానం వచ్చినా పది వచ్చినా ఈ ఖర్చు పెద్దగా మారదు. విమానం వెళ్లిపోగానే టెర్మినల్ ఖాళీ. ఏసీ, లైట్లు, జీతాలు మాత్రం నడుస్తూనే ఉంటాయి. టెర్మినల్‌ను ఎంత పెద్దగా కడితే ఈ బరువు అంత పెరుగుతుంది. అయినా ప్రతి జిల్లా నాయకుడికీ అద్దాల టెర్మినలే కావాలి.

అసలు చిక్కు టైమింగ్స్‌తో వస్తుంది. వారానికి మూడు రోజులు, అదీ మధ్యాహ్నం ఒంటిగంటకు లేచే విమానం ఎవరికి పనికొస్తుంది? పెద్దాసుపత్రిలో చూపించుకోవాల్సిన మనిషో, హైకోర్టులో పని ఉన్న మనిషో దాన్ని నమ్ముకుంటే వెళ్లిన ఊళ్లో రెండు రాత్రులు లాడ్జి తీసుకోవాలి. అదే రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగి, పని చూసుకుని, మళ్లీ రాత్రి బస్సుకే ఇంటికి తిరిగొస్తాడు. చిన్న ఊరి విమానానికి అసలు పోటీ ఆ స్లీపర్ బస్సే. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చే వీలుంటే, డబ్బు కాస్త ఎక్కువైనా పర్లేదని ఎక్కేవాళ్లు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. ఆ టైముల్లో నడపకుండా, సీట్లు నిండడం లేదని సర్వీసు ఎత్తేస్తే తప్పు ప్రయాణికుడి మీదకు తోసినట్టే. అసలు తెల్లవారుజామునో చీకటి పడ్డాకో దిగడానికి చాలాచోట్ల తగిన లైట్లు, పరికరాలు ఉండవు. శీతాకాలం పొగమంచులో గన్నవరం లాంటి పెద్ద విమానాశ్రయంలోనే విమానాలు పైన చక్కర్లు కొడుతుంటే చిన్నవాటి సంగతి చెప్పాలా? టెర్మినల్ ముందు ఫౌంటెన్‌కు పెట్టే డబ్బు ముందు వీటికి పెట్టాలని నా మనవి.

ఇక దూరం. కర్నూలు దగ్గర ఓర్వకల్లు విమానాశ్రయాన్ని 2021 మార్చిలో ప్రారంభించి బెంగళూరు, చెన్నై, విశాఖలకు సర్వీసులు వేశారు. వీటిలో విశాఖ విమానానికి అర్థముంది, రోడ్డు మీద అది ఒక రాత్రంతా పట్టే ప్రయాణం. బెంగళూరుకైతే కర్నూలు నుంచి నాలుగు వరుసల హైవే ఉంది, 2023 సెప్టెంబరు నుంచి కాచిగూడ–యశ్వంతపూర్ వందేభారత్ కూడా ఆ దారిలోనే వెళ్తోంది. ఊరి నుంచి ఓర్వకల్లు వెళ్లి, గంట ముందు చేరి, దిగాక బెంగళూరు విమానాశ్రయం నుంచి సిటీలోకి ట్రాఫిక్‌లో పడి వెళ్తే మిగిలే సమయం ఎంత? ఐదారు గంటల్లో రోడ్డు మీద చేరగలిగే చోటికి విమానం వేయడం సబ్సిడీని గాలికి వదలడమే. కొత్త విమానాశ్రయం కావాలనే ప్రతి ప్రతిపాదనా ముందు ఈ లెక్కకు నిలబడాలి.

ఇంధనం మీద ఒక్క మాట. విమాన ఇంధనం ఇప్పటికీ జీఎస్టీలో లేదు. రాష్ట్రాలు తమకు తోచిన వ్యాట్ వేసుకుంటున్నాయి, కొన్నిచోట్ల 1 శాతం, కొన్నిచోట్ల 25 శాతం పైన. మంత్రులంతా చౌక టికెట్ల గురించి మాట్లాడతారు, జీఎస్టీ కౌన్సిల్లో ఈ ప్రస్తావన రాగానే ఏ రాష్ట్రమూ తన ఆదాయం వదులుకోదు.

భూమి దగ్గర మాత్రం తొందరపడటం మంచిది కాదు. భోగాపురానికి మొదట్లో సుమారు 15 వేల ఎకరాల మాట వినపడింది. రైతులు రోడ్డెక్కాక తగ్గుతూ తగ్గుతూ 2,700 దగ్గరకు వచ్చింది, తర్వాత గుత్తేదారుకు 2,200 చాలన్నారు. మరి మొదటి లెక్క ఎవరు వేశారు? మిగతా వేల ఎకరాల్లో ఏం చేద్దామనుకున్నారు? విశాఖలో ఉన్నది నౌకాదళ విమానాశ్రయం కాబట్టి భోగాపురం అవసరమేనని నేనూ ఒప్పుకుంటాను. అవసరమైన ప్రాజెక్టులోనే ఇలా జరిగితే, సందేహం ఉన్నచోట రైతు ఎలా నమ్ముతాడు? శంషాబాద్ సంగతీ ఇలాంటిదే. 2004 ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపల 25 ఏళ్లపాటు మరో విమానాశ్రయం రాకూడదని రాసుకున్నారు. దానివల్ల నిజాం కాలం నాటి రన్‌వే ఉన్న మామునూరు ఏళ్ల తరబడి ఎదురుచూసింది. శంషాబాద్ విమానాశ్రయం నడిపే జీఎంఆర్ సంస్థ అభ్యంతరం లేదన్నాక 2025లో గానీ దారి తెరుచుకోలేదు. ఒప్పందంలో ఒక వాక్యం ఒక నగరాన్ని ఇరవై ఏళ్లు ఆపగలిగింది. రేపు కుదుర్చుకునే ఒప్పందాలనైనా సంతకానికి ముందు జనం ముందు పెట్టాలి.

2025 డిసెంబరులో ఏం జరిగిందో అందరికీ గుర్తుంది. పైలట్ల విశ్రాంతి నిబంధనలకు తగ్గట్టు సిద్ధం కాకపోవడంతో ఇండిగో వేల ఫ్లైట్లు రద్దు చేసింది, కేంద్రం టికెట్ ధరలకు పరిమితి పెట్టాల్సి వచ్చింది. దేశీయ ప్రయాణికుల్లో 60 శాతానికి పైగా ఒకే సంస్థ చేతిలో ఉన్నారు. హైదరాబాద్‌లో ఇరుక్కున్నవాడికి కనీసం ఇంకో కంపెనీ కౌంటర్ ఉంది. ఒకే కంపెనీ వచ్చే చిన్న ఊళ్లో అదీ లేదు.

కేంద్రంలో పౌర విమానయాన శాఖ ఇప్పుడు మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారి చేతిలో ఉంది కాబట్టి అడుగుతున్నాను. విమానాశ్రయాల సంస్థ ప్రతి నెలా ఎక్కడ ఎన్ని విమానాలు వచ్చిపోయాయో లెక్క ఇస్తుంది. ప్రకటించి నడపని సర్వీసులెన్నో, ఎన్ని ఆలస్యమయ్యాయో, ఒక్కో ప్రయాణికుడి మీద ప్రభుత్వం ఎంత పెట్టిందో ఊరివారీగా ఆ లెక్కలో తేలదు. ఆ మూడూ కలిపి ఏటా తెలుగులో బయటపెట్టాలి. లోటు భర్తీ సొమ్మును ఉదయం, సాయంత్రం వేళల్లో టైముకి నడిపిన విమానాలకే ఎక్కువ ఇవ్వాలి. విమానం దిగే టైముకి ఆర్టీసీ బస్సు గేటు దగ్గర ఉండాలి, దీనికైతే ఢిల్లీ అనుమతి కూడా అక్కర్లేదు. కొత్త ఊళ్లో భూసేకరణ నోటిఫికేషన్ ఇచ్చేటప్పుడు, దగ్గర్లో ఇప్పటికే ఉన్న విమానాశ్రయం ఐదేళ్ల లెక్కనూ అదే కాగితంలో వేయాలి. పొలం ఇవ్వాలో వద్దో తేల్చుకునే ముందు రైతు దాన్ని చదువుకుంటాడు.

ఇట్లు,
మీ పాఠకుడు