కిటికీ పక్క ముసలామె

సౌతాంప్టన్, ఇంగ్లండు
ఆదివారం రాత్రి

చిన్నీ,

మీ అమ్మ పబ్బుకు పోయిందని మీ అన్న ఈపాటికి నీకు ఫోను చేసి నవ్వే ఉంటాడు. పోయినాను, అబద్ధమెందుకు. కానీ వాడు చెప్పేది వేరు, నేను చెప్పేది వేరు. ఫోనులో అయితే మీ నాయన స్పీకరు పెట్టమంటారు, అందరూ మధ్యలో దూరతారు. ఇది నీ ఒక్కదానికే చెప్పాల్సిన సంగతి. అందుకే బుడ్డోడి నోటుపుస్తకంలో నాలుగు కాగితాలు చింపుకొని కూర్చున్నా.

నిన్న అందరం కారులో డార్సెట్ వైపు సముద్రం చూడను పోయినాము. దోవలో కోర్ఫ్ అని ఒక కూలిన కోట. 1646లో, రాజు మీద యుద్ధానికి దిగిన పార్లమెంటు సైన్యం దాన్ని పట్టుకొని పేల్చేసిందంట. అంతకుముందు ముట్టడిలో దాన్ని నిలబెట్టింది మేరీ బ్యాంక్స్ అనే ఆడమనిషి అని మీ వదిన చెప్పింది. బండి పెట్టే చోటు దొరక్క కారులోంచే చూసి సాగిపోయినాము. ఆ తర్వాత రోడ్డు ఎంత సన్నగా అయిందంటే, ఎదురుగా బండి వస్తే మనం ఓ పక్క సందులో ఒదిగి నిలబడాల. పోయేవాడు చెయ్యెత్తి దండం లాంటిది పెట్టి పోతాడు. హారను మాత్రం ఒక్కడూ కొట్టడు.

ఆ రోడ్డు చివర వర్త్ మాట్రావర్స్ అనే ఊరు. ఊరంతా రాయే. గోడలు రాయి, ఇళ్ళ కప్పులూ రాతి పలకలే. మీ నాయన కారు దిగినోడు దిగినట్టే పోయి ఒక గోడను వేలి కణుపుతో కొట్టి చూసినారు. ముప్పై ఏళ్ళు పాలిష్ ఫ్యాక్టరీలో చేసిన మనిషి కదా. "సున్నపురాయే, మన బేతంచర్ల నాపరాయికి దాయాది" అని తేల్చేసినారు. నిజమే, అక్కడ తరతరాలుగా క్వారీ పనే. పబ్బు పేరు కూడా దాన్నిబట్టే వచ్చింది: స్క్వేర్ అండ్ కంపాస్. అంటే మేస్త్రీల మూలమట్టమూ కంపాసూ. రాతిపని చేసిన ఒకాయన దాన్ని నడిపేటప్పుడు, 1830లో ఆ పేరు పెట్టినాడంట. ఈ దేశంలో పబ్బులకు బొమ్మల బోర్డులు వేలాడదీయాలని 1393లోనే రెండో రిచర్డు రాజు చట్టం చేసినాడని మీ అన్న చెప్పినాడు. చదువు రానోళ్ళకు బొమ్మే గుర్తు, మన ఎన్నికల గుర్తుల మాదిరి.

గడప దగ్గర నా కాళ్ళు ఆగిపోయినాయి చిన్నీ. నీకు తెలియదు, నువ్వప్పటికి పుట్టలేదు. 1992లో నెల్లూరు పక్క దూబగుంట ఆడోళ్ళు సారా అంగడి మూయించినారన్న మాట ఊరూరా పాకింది. మా పుట్టినూర్లోనూ మీ అవ్వ కొంగున కారంపొడి మూట కట్టుకొని పోయింది. నేను మీ అన్నను చంకనేసుకొని వెనకాల పోయినా. ఆ అంగడి ముందర తొక్కి పడేసిన సారా ప్యాకెట్లు, ఆ కంపు, అరుగు మీద నోరు తెరుచుకొని పడున్న మీ తాత. తాగే చోటు అంటే నా కండ్ల ముందుకు వచ్చేది అదే. 1993 అక్టోబరు ఒకటిన సారా నిషేధం వచ్చింది. అప్పటికి మీ తాత లేడు.

"అమ్మా, లోపల బాత్రూము ఉంది, దానికైనా రా" అని మీ అన్న నన్ను మాయజేసి తీసుకుపోయినాడు.

లోపల మనం అనుకునే బారు లేదు. నడవ లాంటి దారి, కింద రాతి బండలు. గోడలో చిన్న కిటికీ లాంటి బొక్క, మన పాత రైలు స్టేషన్లో టికెట్లిచ్చే దాని మాదిరి. దాని వెనక పీపాలు పడుకోబెట్టి ఉంటాయి. అక్కడి మనిషి పీపా కొళాయి కింద గ్లాసు వంచి పట్టి, నిదానంగా నింపి, నురగ అణిగేదాకా ఆగి, మళ్ళీ ఇంత పోసి ఇస్తాడు. ఐసు లేదు, ఫ్రిజ్జు లేదు. మీ నాయన ఒక గుక్క తాగి "కుండలో నీళ్ళంత చల్లన" అన్నారు. ఆయనకు అర పైంటు, అంటే 284 మిల్లీలీటర్లు. నేనే కొలత అడిగి రాసుకున్నా, తర్వాత లెక్క తప్పకుండా. మీ అన్న బండి నడపాల కాబట్టి నిమ్మ సోడా. నేనూ అదే.

బల్ల దగ్గరికి ఎవరూ రారు, మనమే పోయి అడగాల, ముందే డబ్బులియ్యాల. తెలియక నేనూ మీ నాయనా బయట రాతి బల్ల ముందర పది నిమిషాలు పెద్దమనుషుల్లాగ కూర్చున్నాము. మమ్మల్ని పలకరించింది కోళ్ళు మాత్రమే. తినను పాస్టీ అనేది దొరికింది, కజ్జికాయకు పెద్దన్న అనుకో, లోపల కూరగడ్డలు. ఉప్పూ కారం అంతంతే. నేను బ్యాగులోంచి నిమ్మకాయ ఊరగాయ తీస్తే మీ వదిన కండ్లు పెద్దవి చేసింది, కానీ మొదట నంజుకున్నది ఆ పిల్లే. పక్క గదిలో ఆ పబ్బువాళ్ళే పెట్టిన చిన్న మ్యూజియం ఉంది. అద్దాల వెనక చుట్టలు తిరిగిన రాతి గవ్వలు. అచ్చం మన సాలగ్రామాలే! కండ్లకద్దుకోబోయి ఆగినా. 1907 నుంచీ ఒకే కుటుంబం నడుపుతున్న అంగడంట ఇది.

ఇంక అసలు సంగతి. చలిగాలి లేచినాక లోపలి గదిలోకి పోయి పొయ్యి పక్కన కూర్చున్నాము. కిటికీ పక్క బల్ల దగ్గర ఒక ముసలామె, ఎనభై దాటి ఉంటాయి. ఒక్కతే. ముందర అర గ్లాసు బీరు, మడిచిన పేపరు, చేతిలో పెన్సిలు. కాళ్ళ దగ్గర కుక్క నిద్రపోతాంది. పేపరులో గళ్ళు నింపుతా, మధ్యమధ్యలో ఒక చుక్క తాగుతా, కిటికీలోంచి సముద్రం కల్లా చూస్తా ఉంది. వచ్చేవాళ్ళు పలకరించి పోతాండారు. ఇక్కడెందుకున్నావు, ఎవరికోసం అని ఒక్కడూ అడగలేదు. నేను ముక్కాలు గంట ఆమెనే చూసినా.

"మన రచ్చబండ మాదిరే ఉంది కదా" అన్నారు మీ నాయన. నాకు ఒళ్ళు మండింది. "రచ్చబండ మీద నేనెప్పుడు కూర్చున్నా?" అన్నా. ఆయన గ్లాసులోకి చూసుకున్నారు.

వీళ్ళకూ ఊరికే రాలేదులే. ఆడోళ్ళకు బారు దగ్గర మందు పొయ్యము అని చెప్పడం ఇక్కడా ఉండేదంట. ఆడా మగా తేడా చూపకూడదని 1975లో చట్టం వచ్చినా, లండన్లో ఒక వైన్ బారు వాళ్ళు ఆడోళ్ళు పోయి వెనక గదిలో కూర్చోవాలన్నారు. ఇద్దరు ఆడోళ్ళు కోర్టుకెక్కి 1982లో గెలిచినారని మీ వదిన చెప్పింది.

పోయేటప్పుడు ఆ ముసలామే మమ్మల్ని చర్చి చూసి పొమ్మనింది. అక్కడ బెంజమిన్ జెస్టీ అనే రైతు సమాధి ఉంది. మశూచి టీకాకు పేరు పడిన జెన్నర్ డాక్టరు కంటే ఇరవై ఏళ్ళు ముందే, 1774లో, ఆవు పొదుగు మీది పొక్కుల రసం సూదితో తీసి పెండ్లానికీ ఇద్దరు పిల్లలకూ గుచ్చినాడంట, మశూచి రాకుండా. మీ అవ్వ మొగం మీది అమ్మవారి మచ్చలు నీకు గుర్తున్నాయి కదా. ఊరోళ్ళు అతన్ని గేలి చేసినారంట. ఆ సూదికి చెయ్యి వాచి జబ్బు పడి లేచిన పెండ్లాం కూడా అతని పక్కనే సమాధిలో పడుకొని ఉంది. ఆమె రాయి మీద నేను కాసేపు చెయ్యి పెట్టినా.

నువ్వు డిగ్రీ రెండో సంవత్సరంలో నంద్యాల బస్టాండు దగ్గర టీ అంగట్లో ఇద్దరు స్నేహితురాండ్లతో కూర్చున్నావని ఎవరో వచ్చి మీ నాయనకు చెప్పినారు. ఆయన ఏమీ అనలేదు. చెయ్యి చేసుకున్నది నేను. "అంత దాహమైతే ఇంటికొచ్చి తాగొచ్చు కదా" అన్నా. "దాహం కాదమ్మా, కూర్చుందామని" అన్నావు. ఆ మాట నాకు నిన్న ఆ గదిలో, ఆ ముసలామెను చూస్తా ఉంటే అర్థమైంది.

తాగుడు విషయంలో నేను మారలేదు, మీ నాయన రెండో గ్లాసు అడిగితే చూసిన చూపు మీ అన్ననే అడుగు.

వచ్చే నెల పద్నాలుగున దిగుతాము. నువ్వు సెలవు పెట్టుకొని నంద్యాల రా. ఆ టీ అంగడి ఉందో లేదో ముందు కనుక్కో. బయట నిలబడి కాదు, లోపల బెంచీ మీద కూర్చుందాము, మీ నాయన లేకుండా. డబ్బులు నేనిస్తా.

మీ అమ్మ